గుడ్డు బంతి శ్రావణ్

మా వైపు ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ ఆడిన మొదటి మనిషి శ్రావణ్. ఆ మాట ఒకప్పుడు పదిమందిలో గర్వంగా చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు చెప్పుకోను. ఆ బంతిని వాడి చేతిలో పెట్టింది నేనే.

నా పేరు మార్కండేయ. నిజామాబాద్ జిల్లా వర్ని దగ్గర ఒక సర్కారు బడిలో ఆటలు నేర్పే పీఈటీని. ఎనిమిదేళ్ళ కింద హైదరాబాద్‌లో మాలాంటి వాళ్ళకు నాలుగు రోజుల శిక్షణ పెట్టి ఒక కొత్త ఆట నేర్పారు. తిరిగి వచ్చేటప్పుడు తలా ఒక బంతి ఇచ్చారు. అది గుండ్రంగా ఉండదు. రెండు కొసలా సన్నబడి కోడిగుడ్డులా ఉంటుంది. నేల మీద పడితే ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. ఆ బంతిని తన్నవచ్చు, పట్టుకుని ఉరకవచ్చు, పిడికిలితో గుద్ది పక్కవాడికి అందించవచ్చు. మైదానం రెండు చివర్లా నాలుగేసి గుంజలు పాతుతారు. నడిమి రెండింటి మధ్యలోంచి తన్నితే ఆరు పాయింట్లు, పక్క సందుల్లోంచి పోతే ఒక్కటే.

వీటన్నిటికంటే పెద్ద పని, దూరం నుంచి తన్నిన బంతిని నేల తాకకముందే గాలిలో పట్టడం. అలా పట్టినవాణ్ణి ఇక ఎవరూ ముట్టుకోకూడదు. తాపీగా నిలబడి గుంజల వైపు తన్నుకోవచ్చు. అందుకే ఆ ఒక్క బంతి కోసం నలుగురైదుగురు ఒకేసారి పైకి లేస్తారు. మోచేతులు, మోకాళ్ళు, తలలు అన్నీ ఒకే చోట కలుస్తాయి. తలకు ఎవరూ ఏమీ పెట్టుకోరు.

శ్రావణ్ అప్పుడు మా బడిలో పదో తరగతి. పొడుగు కాళ్ళు, తక్కువ మాటలు. బాపు చిన్నప్పుడే పోతే, తల్లి సాయవ్వ నాట్లకూ కలుపులకూ పోయి పెంచింది. నేను మొదటిసారి ఆ బంతిని ఎత్తుగా తన్నిన రోజు పిల్లలందరూ వెనక్కి జరిగారు. శ్రావణ్ ఒక్కడే ముందుకు ఉరికాడు. వాడి వట్టి పాదాలు నా ఛాతీ ఎత్తున కనిపించాయి. బంతి వాడి చేతుల్లో ఉంది.

"భయమైతలేదారా?" అని అడిగాను.

"పైకి లేసినప్పుడు కాదు సార్. కిందికొస్తుంటె అయితది" అన్నాడు.

సాయవ్వ ఒకసారి ఆట చూడటానికి వచ్చింది. గోడ పక్కన నిలబడి ఐదు నిమిషాలు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సారూ, గిది ఆటనా, కొట్లాటనా? నాకు ఒక్కడే కొడుకు."

"ఏం కాదవ్వా, నేనున్న కదా" అన్నాను. ఆ మాట ఆ తర్వాత కూడా చాలాసార్లు అన్నాను.

ఊళ్ళో వాడికి గుడ్డు బంతి శ్రావణ్ అని పేరు పడింది. ఇంటర్ మధ్యలో ఆపేసి, ఒక పాత ఆటో కొని, వర్ని వైపు నుంచి బోధన్‌లోని ఒక ప్రైవేటు బడికి పిల్లలను తీసుకుపోవడం మొదలుపెట్టాడు. తెల్లారకముందే మా బడి మైదానంలో గంటసేపు ఆడేవాడు. స్నానం చేసి ఏడున్నరకు ఆటో తీసేవాడు. ఇరవై ఏళ్ళకు రాష్ట్ర జట్టులో చోటు వచ్చింది. జాతీయ పోటీల్లో రెండుసార్లు ఆడాడు. పేపర్ జిల్లా పేజీలో ఫొటో పడింది. వాడు గాలిలో, మిగతావాళ్ళు కింద. మెండోర నుంచి సంజన అనే పిల్లను చేసుకున్నాడు. ఆ ఫొటో చూసే ఒప్పుకున్నానని ఆ అమ్మాయి నవ్వుతూ చెప్పేది.

నిరుడు అక్టోబర్‌లో మూడోసారి జాతీయ పోటీలకు పోయాం. కోల్‌కతా దగ్గర ఒక మైదానం. నేను జట్టుకు సహాయ కోచ్‌ని. మూడో భాగం ముగుస్తుండగా బంతి ఎత్తుగా వచ్చింది. శ్రావణ్ ఒకడి భుజం మీద మోకాలు ఆనించి ఇంకా పైకి లేచాడు. అదే క్షణంలో కిందివాడు పక్కకు తప్పుకున్నాడు. శ్రావణ్ తలకిందులుగా నేల మీద పడ్డాడు. అంత గోలలోనూ ఆ చప్పుడు గీత అవతల ఉన్న నాకు వినిపించింది.

నిమిషం పాటు వాడు కదలలేదు. నీళ్ళు చల్లాక కళ్ళు తెరిచాడు.

"ఇయ్యాల ఏ వారం?" అని అడిగాను.

"మంగళవారం సార్."

ఆ రోజు ఆదివారం.

నాలుగో భాగం మిగిలి ఉంది. మేము నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నాం. "ఆడుతవా?" అని అడిగాను. ఆడొద్దు అనవలసిన నోటితోనే ఆ మాట అడిగాను. వాడు తలూపి లోపలికి పోయాడు. ఆఖరి నిమిషంలో ముగ్గురి నెత్తుల మీదుగా బంతి పట్టి, నడిమి గుంజల మధ్యలోంచి తన్నాడు. రెండు పాయింట్లతో గెలిచాం. జట్టు వాణ్ణి భుజాలకెత్తుకుని తిప్పింది. ఆ భుజాల మీద ఉండగానే వాడు వాంతి చేసుకున్నాడు. ఎండదెబ్బ అని అందరికీ నేనే చెప్పాను.

ఊరికి వచ్చిన మూడు వారాలకు, ఒక తెల్లవారుజామున ఆట మధ్యలో శ్రావణ్ బంతి పట్టుకుని నిలబడిపోయాడు. "తన్నన్నా!" అని పిల్లలు అరుస్తున్నారు. వాడు కదలడం లేదు. దగ్గరికి పోయాను. నోటిలో ఏమీ లేకుండానే నములుతున్నాడు. కుడిచేత్తో అంగీ అంచును మెల్లగా పీకుతున్నాడు. కళ్ళు నా వైపే ఉన్నాయి, కానీ నేను కనబడుతున్నట్టు లేదు. పిలిచాను. భుజం పట్టి ఊపాను. అర నిమిషం గడిచింది.

"ఏంది సార్?" అన్నాడు ఉన్నట్టుండి. చేతిలోని బంతిని ఎవరు పెట్టారా అన్నట్టు చూసుకున్నాడు.

"నిద్ర సరిపోతలేదేమో" అన్నాను. "గంతే కావచ్చు" అన్నాడు. ఇద్దరికీ ఆ మాట కావాలి.

అదే వారం ఉత్తరం వచ్చింది. జనవరి మొదట్లో శిబిరం. అందులోంచే ఆస్ట్రేలియాకు పోయే భారత జట్టును ఎంచుతారు. ఉత్తరంతో పాటు కోచ్ నింపాల్సిన కాగితం ఒకటి ఉంది. గడచిన ఏడాదిలో ఆటగాడి తలకు దెబ్బ ఏమైనా తగిలిందా అన్నది అందులో ఒక ప్రశ్న. లేదు అని రాసి సంతకం చేశాను. మా బడి పేరు, మా మండలం పేరు, నిజం చెప్పాలంటే నా పేరు కూడా, ఆ కాగితం మీదుగా ఎక్కడికో పోతుందని నా ఆశ.

డిసెంబర్ మొదట్లో సంజన బడికి వచ్చింది. పిల్లలు లోపలికి పోయేదాకా వరండాలో నిలబడి, అప్పుడు నోరు విప్పింది.

"సార్, మొన్న చాయ పోసుకుంటుండు. గిలాస నిండినా ఆపలే. చెయ్యి మీద పడుతున్నా ఆపలే. బొబ్బలొచ్చినయి. ఎట్ల కాలిందని అడిగితె, ఎప్పుడు కాలిందే అని నన్నే అడుగుతుండు."

నేను చేతిలోని విజిల్ తాడును వేలికి చుట్టుకుంటూ విన్నాను.

"మా అత్త గాలి సోకిందని బడాపహాడ్ దర్గాకు తీస్కపోయి దారం కట్టిచ్చింది. నేను దవాఖానకు పోదామంటున్న. కాంపు అయినంకనే పోత, సార్‌కు మాటిచ్చిన అంటుండు. మీరు చెప్తె ఇంటడు సార్. మీ మాట దాటడు."

"అలసట అమ్మా. నెల రోజులే కదా, అయినంక నేనే తీస్కపోత" అన్నాను.

ఆ పిల్ల నా ముఖం వైపు కొంచెంసేపు చూసి వెళ్ళిపోయింది.

నేను వర్నిలో అద్దెకు ఉండేవాణ్ణి. పక్క ఇల్లు రషీదాది. బట్టలు కుడుతుంది. ఆమె కూతురు అల్మాస్‌కు ఎనిమిదేళ్ళు. శ్రావణ్ ఆటోలోనే బడికి పోతుంది. అందరికంటే ముందు ఎక్కుతుంది కాబట్టి డ్రైవర్ పక్క సీటు ఆ పిల్లదే. ఒక సాయంత్రం గేటు మీద ఊగుతూ నాతో అన్నది.

"సార్, శ్రావణన్న బొమ్మ అయితడు, తెల్సా?"

"బొమ్మ ఏంది?"

"గట్లనే సూస్తడు. మాట్లాడడు. మేమందరం లెక్కవెడ్తం. నిన్న మిల్లు కాడ ఆగినప్పుడు ఇరవై రెండు దాంక లెక్కవెట్టినం. గప్పుడు లేసిండు."

పిల్లలకు అది ఆట అయిపోయింది. అల్మాస్ కళ్ళు పెద్దవి చేసి, దవడ ఆడించి చూపించింది. తెల్లవారుజామున మైదానంలో నేను చూసిన ముఖమే అది.

మర్నాడు శ్రావణ్‌ను మైదానం చివరికి తీసుకుపోయి అడిగాను.

"ఎర్కనే సార్. నడుమ నడుమ కొంచెం సేపు నాకు లేకుంట పోతది. ఎటు పోతదో తెల్వది. మల్ల వచ్చినంక భయమైతది, ఎంత సేపు పోయిన్నో, ఏం చేసిన్నో అని."

"ఆటో ఆపెయ్యి."

"ఆపితె ఎందుకని అడుగుతరు. ఫిట్సని తెలిస్తె కాంపుకు పిలుస్తరా? మల్ల ఎవలన్నా నన్ను బండెక్కనిస్తరా? ఆగి ఉన్నప్పుడే వస్తుంది సార్, నడుస్తుంటె ఒక్కసారి గూడ రాలె. ఇగ ఇరవై అయిదు రోజులు. మీరు ఎవలికీ చెప్పకుండ్రి."

నేను చెప్పలేదు. ఎవరికీ చెప్పకుండానే ఏదో చేస్తున్నానని నాకు నేను నమ్మబలుక్కోవడానికి ఒక పని మొదలుపెట్టాను. రోజూ పొద్దున ఆ ఆటో వెనక బండి మీద పోయేవాణ్ణి.

పదకొండు రోజులు అలా పోయాను. ముందు ఆటో, ముప్పై గజాల వెనక నేను. యాసంగి నాట్ల కోసం కాలువకు నీళ్ళు వదిలారు. అంతకుముందు ఎండిన గుంతలా ఉన్న కాలువ మూడు రోజుల్లో గట్లు ఒరుసుకుంటూ పారడం మొదలైంది. రోడ్డు రెండు కిలోమీటర్లు ఆ గట్టు పక్కనే పోతుంది. ఆటో కొంచెం ఎడమకు జరిగితే నేను బండి వేగం పెంచేవాణ్ణి. గుంత తప్పించడానికి జరిగిందా, లేక వాడు లేకుండా పోయాడా? మలుపు దగ్గర వెనక ఎర్ర లైటు వెలిగితే ఊపిరి పీల్చుకునేవాణ్ణి. వెనక సీటు పిల్లలు నన్ను గుర్తుపట్టి చేతులు ఊపేవారు. నేనూ ఊపేవాణ్ణి. బడి గేటు ముందు తొమ్మిది మందీ దిగారని లెక్కపెట్టుకుని వెనక్కి తిరిగితే, అంత చలిలోనూ అంగీ వీపుకు అతుక్కుని ఉండేది. సాయంత్రం మళ్ళీ అదే దారిలో వాళ్ళు తిరిగి వస్తుంటే నేను బడిలో ఉండి గడియారం చూసేవాణ్ణి. సాయంత్రానికి నా దగ్గర ఏ ఉపాయమూ లేదు.

పన్నెండో రోజు మంచు కురుస్తోంది. తూము దగ్గర రోడ్డు కుడికి తిరుగుతుంది. నేరుగా పోతే కాలువే. ఆటో మలుపు దగ్గరికి వచ్చింది. ఎర్ర లైటు వెలగలేదు.

ఒక క్షణం ఆగి చూశాను. ఆ క్షణాన్ని ఈ రోజుకీ నాకు నేను మన్నించుకోలేను. తర్వాత బండిని ఉరికించాను. ఆటో తారు రోడ్డు దిగి గడ్డి మీదికి వచ్చింది. వేగం తగ్గింది గానీ అక్కడ నేల కాలువ వైపు వాలి ఉంటుంది. పక్కకు వచ్చేసరికి లోపలి నుంచి పిల్లల గొంతులు వినిపించాయి. అందరూ కలిసి, నవ్వుతూ, లెక్కపెడుతున్నారు.

"ఏడు... ఎనిమిది... తొమ్మిది..."

"శ్రావణ్! శ్రావణ్!" అని అరిచాను. వాడు నా వైపు తిరిగాడు. నములుతున్నాడు. ఆ చూపులో నేను లేను, కాలువ లేదు.

ముందుకు పోయి బండిని ఆటో చక్రానికి అడ్డంగా పడేశాను. దానితో పాటు నేనూ పడ్డాను. ఇనుము విరిగిన చప్పుడు, నా కాలు విరిగిన చప్పుడు ఒకటిగానే వినిపించాయి. ఆటో ఒక పక్కకు లేచి, ఊగి, మళ్ళీ మూడు చక్రాల మీద నిలబడింది. లెక్క ఆగిపోయింది. ఆ తర్వాత పిల్లల ఏడుపు. నేను పడ్డ చోటు నుంచి నీళ్ళు రెండు బారల దూరం.

"ఏమైంది సార్?" శ్రావణ్ గొంతు. "మీరు గిక్కడెందుకున్నరు?"

నాట్లకు పోతున్న ఆడవాళ్ళు, ట్రాక్టర్ మనిషి ఉరికొచ్చారు. పిల్లలను దింపారు. అల్మాస్ నుదురు అద్దానికి కొట్టుకుని చిట్లింది. మిగతావాళ్ళకు గీతలు పడ్డాయంతే. ట్రాక్టర్ మనిషి శ్రావణ్ చెంప మీద కొట్టాడు. "పొద్దుపొద్దుగాల తాగినవారా?"

శ్రావణ్ కాలువను చూశాడు, పిల్లలను చూశాడు.

"నిద్ర పట్టింది" అన్నాడు.

నేను నేల మీద పడి ఆ మాట విన్నాను. కాదని అనలేదు.

బోధన్‌లో ఆసుపత్రిలో నా కాలికి కట్టు కట్టారు. మధ్యాహ్నం రషీదా నా మంచం దగ్గరికి వచ్చింది. కూతురు నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి. కృతజ్ఞత చెప్పడానికే వచ్చింది. "అల్లా మిమ్మల్ని పంపిండు సార్" అన్నది. కళ్ళు తుడుచుకుని, లేవబోయి, ఆగింది.

"సార్, మీ బడి ఇటు కాదు కదా. గా టయానికి మీరు ఆటో ఎన్క ఎందుకున్నరు?"

అబద్ధం చెప్పవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె ముఖంలో అప్పటికే ఏదో మారుతోంది. చెప్పేశాను. దెబ్బ తగలడం, మంగళవారం అనడం, సంతకం, సంజన రావడం, అల్మాస్ చెప్పిన బొమ్మ, పదకొండు రోజులు, అన్నీ.

రషీదా గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"నా బిడ్డ ముందట కూసోని పోతుంటె, మీరు ఎన్కకెల్లి సూస్తున్నరా? పదకొండు దినాలు?"

ఆ తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు. ఈ రోజు వరకూ మాట్లాడలేదు.

నేను చెప్పేసిన సంగతి శ్రావణ్‌కు సంజన ద్వారా తెలిసింది. మర్నాడు వాడు చేసిన పని నాకు చేతనయ్యేది కాదు. తొమ్మిది మంది పిల్లల ఇళ్ళకూ నడుచుకుంటూ పోయాడు. సంజన పక్కన ఉంది. మొదటి ఇంటి గడప దగ్గర వాడు ఆగిపోతే చెయ్యి పట్టుకుని నడిపించానని ఆ అమ్మాయే తర్వాత చెప్పింది.

"తాగలె, నిద్ర గూడ కాదు. నాకు ఫిట్సున్నయి. తెలిసి గూడ మీ పిల్లల్ని ఎక్కిచ్చుకున్న" అని ప్రతి ఇంట్లో అదే మాట చెప్పాడు. ఒకాయన కొట్టబోయాడు. ఒక ఇంట్లో తలుపు వేసేశారు. ఒక ముసలామె మంచినీళ్ళు ఇచ్చింది. రషీదా మాత్రం, "ఇగ బండి ముట్టకు. దవాఖానకు పో" అని, ఏ డాక్టర్ దగ్గరికి పోవాలో చీటీ రాసి ఇచ్చింది.

నిజామాబాద్‌లో డాక్టర్ స్కానింగ్ తీసి, మెదడులో కుడివైపు చిన్న మచ్చ చూపించాడు. దెబ్బ తగిలిన రోజే ఆట ఆపి పడుకోబెట్టి ఉంటే ఈ మచ్చ ఉండేది కాదా అని అడిగాను. "చెప్పలేం" అన్నాడు. ఆ ఒక్క మాటతోనే నేను బతకాల్సి ఉంది. మందులు మొదలుపెట్టారు. బండి నడపకూడదు, బావి దగ్గరికి, మిషన్ దగ్గరికి పోకూడదు, తల నేలకు తగిలే ఏ ఆటా ఇక ఆడకూడదు.

నేను కర్ర సాయంతో లేచిన వారానికి జాతీయ సంఘానికి ఉత్తరం రాశాను. తప్పుడు సంతకం నాదని, ఆటగాడిది కాదని రాశాను. కోచ్‌గా నన్ను తీసేశారు. మా శాఖ మెమో ఇచ్చింది. వర్నిలో ఇల్లు ఖాళీ చేశాను. సాయవ్వ మాత్రం నన్ను ఏమీ అనలేదు. ఒకసారి బస్టాండులో ఎదురైతే, నేను పలకరించేలోపే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది.

శ్రావణ్ ఆటో అమ్మేసి వర్నిలో ఒక విత్తనాల దుకాణంలో చేరాడు. బస్సులో పోయి వస్తాడు. మొదటి మూడు నెలలు మందులు సరిపడక ఐదుసార్లు వచ్చింది. ఒకసారి దుకాణంలో, అందరి ముందు. మర్నాడు వాడు పనికి పోవడానికి ఇంట్లోంచి కదల్లేదు. దుకాణం సేటు మనిషిని పంపి పిలిపించుకున్నాడు. మందు మార్చాక తగ్గింది. ఇప్పటికి ఏడు నెలలుగా రాలేదు. తగ్గిందని వాడు ఎవరితోనూ అనడు. ఆ మాట అంటే వస్తుందని వాడి భయం.

పోయిన నెల వాడే ఫోన్ చేసి రమ్మన్నాడు. కూతురు పుట్టింది. పోయేసరికి ఇంటి నడుమ చాప పరిచి, దాని మీద బొంత వేసి, గోడకు వీపు ఆనించి కూర్చుని పాపను ఒళ్ళో పెట్టుకున్నాడు. చుట్టూ మెత్తలు ఉన్నాయి.

"నిలవడి ఎత్తుకోవద్దన్నడు సార్ డాక్టర్. నేల మీద కూసోనే ఎత్తుకోవాలె" అన్నాడు. "నీళ్ళు పోసేది సంజననే. పాపను పట్టుకోని గడప గూడ దాట."

సంజన చాయ తెచ్చి ఇద్దరికీ పోసింది. వాడి గిలాసను పాపకు అందనంత దూరంలో పెట్టింది. మా మాటల మధ్యలో శ్రావణ్ ఒకసారి పాప ముఖంలోకి చూస్తూ ఊరుకున్నాడు. వాడి దవడ కదులుతోందేమోనని చూశాను. సంజన చెయ్యి అప్పటికే పాప వీపు కిందికి పోయింది.

"ఏం లేదే" అన్నాడు తల ఎత్తకుండానే. "ముక్కు ఎవల లెక్కున్నదా అని సూస్తున్న."

సంజన చెయ్యి వెంటనే తీయలేదు. కాసేపటి తర్వాత తీసి, "మా అవ్వ ముక్కు" అన్నది.